నాలుగ్గంటల కిటికీ

రాయపురంలో మా లైబ్రరీకి పద్ధెనిమిది కిటికీలు.
పన్నెండు సముద్రం వైపు.

ఏళుమలై వాటిని సాయంత్రం నాలుక్కి మూసేవాడు.
ఉప్పుగాలి హార్బరు దాటి
చేపల వేలంపాట దాటి
మా మెట్లెక్కే లోపల
వరసగా పన్నెండు గొళ్లేల చప్పుడు.
ఆ చప్పుడుకి నేనెప్పుడూ తలెత్తలేదు.

నా బల్ల మీద ఎప్పుడూ ఒక్కటే పుస్తకం.
వడకట్టిన గోధుమ గంజి, సన్నకుంచె,
ఉల్లిపొరలాంటి జపాను కాయితం.
రామబాణం పురుగు ఏడు పేజీల్లోంచి
తిన్నగా తొలుచుకుపోయిన దారి.
ఏడు తాళాలు కూల్చిన బాణం మరి,
పేరు ఊరికే పెట్టలేదు పెద్దవాళ్లు.
రంధ్రానికొక రోజు.
ఊపిరి గట్టిగా వదిలితే
ఒక అక్షరం లేచిపోయేది.

ఒక పాత వైద్యగ్రంథం,
తడిసి ఇటుకలా బిగుసుకుపోయినదాన్ని
ఏడాదిపాటు పొర పొరా విడదీశాను.
చికిత్సలన్నీ దక్కాయి,
పథ్యం చెప్పిన అధ్యాయం పిండైపోయింది.
దానికే నాకు శాలువా కప్పారు.
వచ్చినవాళ్లు బల్ల చుట్టూ మూగి
"ప్రాణం పోశారమ్మా" అన్నారు, ఫొటోలు తీశారు.

ఏళుమలైని ఎవరూ తీయలేదు.
కిటికీ మూయడంలో తీయడానికేముంది?
చెడకుండా ఉన్న నలభైవేల పుస్తకాలు
చెడలేదన్న సంగతి
ఏ ఫొటోలో పడుతుంది?

ఒక ఏడు కమిటీవాళ్లు పిలిచారు.
ఉన్న డబ్బు ఒక్క జీతానికే వస్తుంది,
మరమ్మతు కావాలా, కాపుదల కావాలా?
నేను బాగానే మాట్లాడాను.
అతను గోడ మీద తేమ చెప్పే ముల్లు చూసి
"అరవై ఎనిమిది సార్, ఫ్యానేసి వస్తా"
అని లేచి వెళ్లాడు.

ఉద్యోగం నాకే ఉంచారు.

తర్వాత కిటికీలు ఎవరి పనీ కాలేదు.
గుర్తొచ్చినరోజు వాచ్‌మన్ కుర్రాడు మూసేవాడు.
నా బల్లకి పుస్తకాలు బారులు తీరాయి,
మూడు, తొమ్మిది, ఒక ఐప్పసి వానకి నలభై.
మొదట్లో గర్వపడ్డాను కూడా.

మొన్న అతని కూతురు కుముదవల్లి
గోనెసంచి మోసుకొచ్చింది.
"అప్పా పోయి పదహారు రోజులైంది.
ఇవి ఇక్కడివేనట, ఇచ్చేయమన్నారు."
ముప్పైయొక్క నోటుపుస్తకాలు,
బడిపిల్లలు రాసుకునే చవక కాయితం,
వేలు తగిలితే రస్కులా విరుగుతోంది.
అందరి పుస్తకాలూ కాచినవాడివి
ఎవరూ కాయలేదు.

తమిళంలో రోజుకి మూడు అంకెలు.
ఎక్కడో ఒకచోట ఒక ముక్క:
'కరెంటు లేదు. నీళ్లు రెండో మెట్టు.
కింది అరలు పైకెత్తాను. ఇక్కడే పడుక్కున్నా. 91.'
'కొత్త సార్ కర్పూరం గుళికలడిగారు. వస కొమ్ములు పెట్టా.'
'కుముదకి జ్వరం. మూడురోజులు రాలేదు.
ఆరో కిటికీ తెరిచే ఉంది.
ఆ కింది అర తడిసింది. అన్నీ ఆరబెట్టా.
వైద్యం పుస్తకం ఒకటి అంటుకుపోయింది.
తప్పు నాది.'

శాలువా బీరువాలో ఉంది.
దాని మడతల్లో కూడా వస కొమ్ములే పెట్టాను.

ఆ పేజీనే ముందు బల్ల మీద పరిచాను.
చిరుగు 'జ్వరం' మీదుగా పోయింది.
గంజి పల్చగా కలిపి, కాయితం పీచు తీసి,
కుంచె ముంచాను.
ఇది కాస్త ఆరేలోపే అతికించాలి,
చెయ్యి ఆగకూడదు,
ముప్పైయేళ్లుగా నేను పిల్లలకి నేర్పే మొదటి పాఠం అదే.

గడియారం నాలుగు.

కుంచె పక్కన పెట్టి లేచాను.
ఒకటి, రెండు, మూడు.
గొళ్లేలు ఇంత బరువని తెలీదు.
ఆరోది తుప్పుపట్టింది, పడటంలేదు.
రెక్కని అరచేత్తో అదిమి
వాచ్‌మన్‌ని కేకేస్తూ నిలబడ్డాను.
సందులోంచి గాలి వేళ్లకి చల్లగా, జిగటగా.

వెనక బల్ల మీద
గంజి ఆరిపోతోంది.